బద్ధకం కాదమ్మా, అలసట

కిందటి సంచికలో ఆవకాయ జాడీ గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేసి నవ్వారు. ఈసారి నవ్వించే కబురు కాదు. మా ఇంట్లో పదేళ్ళు గుట్టుగా ఉంచిన సంగతి. మా అమ్మాయి చదివి, రెండు చోట్ల కొట్టేసి, "సరే, వేసుకో" అన్నాకే సంపాదకులకు పంపిస్తున్నాను.

మా అమ్మాయికి ఆరో ఏట కీళ్ళవాతం వచ్చింది. పొద్దున్న లేవగానే మోకాళ్ళు బిగుసుకుపోయి, మెట్లు కూర్చుని ఒక్కొక్కటే దిగేది. డాక్టర్లు దీన్ని జువెనైల్ ఇడియోపాథిక్ ఆర్థ్రైటిస్ అంటారు. పదహారేళ్ళు నిండకముందే మొదలై, కనీసం ఆరు వారాలు కీలు వాచి ఉండి, వేరే కారణం దొరక్కపోతే పెట్టే పేరు అది. మా అమ్మ ఫోనులో "కీళ్ళ నొప్పులు నాకు రావాలి గానీ, దానికేమిటే!" అని ఏడ్చింది.

వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్, తోడుగా ఫోలిక్ యాసిడ్ మాత్రలు, లివర్ ఎలా ఉందో చూడ్డానికి రక్తపరీక్షలు, కంటి డాక్టరు. కంటి డాక్టరెందుకంటే ఈ జబ్బు నొప్పీ ఎరుపూ లేకుండానే కంటిలోపల వాపు తెస్తుంది. ఇదంతా మా ఇంట్లో మామూలైపోయింది. బయటివాళ్ళకు మాత్రం చెప్పలేదు. ఆడపిల్ల, రేపు పెళ్ళి కావాలి అని నా భయం. "ఉగాది ప్రోగ్రాములో మీ అమ్మాయి డాన్సు చెయ్యదేం?" అని అడిగితే "దానికి ఇంట్రెస్టు లేదండీ" అనేదాన్ని. పక్కనే నిలబడి అది వింటూ ఉండేదన్న ధ్యాస నాకు లేకపోయింది.

2023 అక్టోబరులో, పదకొండో క్లాసులో, స్కూలు నుంచి రాగానే సోఫాలో పడి నిద్రపోవడం మొదలుపెట్టింది. "అర్ధరాత్రి దాకా ఫోను చూస్తే ఇంతే" అన్నాను. మూడో రోజుకి ఒళ్ళంతా నొప్పులంది. కీళ్ళ జబ్బు తిరగబెట్టిందనుకున్నాను. ఆ తర్వాత జ్వరం, గుటక పడనంత గొంతు నొప్పి. మెడలో బిళ్ళలు కట్టాయి. ఇంట్లో ఎప్పటివో అమాక్సిసిలిన్ మాత్రలు మిగిలి ఉంటే వేద్దామని సీసా తీశాను. మావారు చెయ్యి పట్టుకుని ఆపారు. అది ఎంత మంచి పనో తర్వాత తెలిసింది.

మొదట చేసిన పరీక్షల్లో ఏమీ తేలలేదు. వారం తర్వాత మళ్ళీ చేస్తే మోనో అని వచ్చింది. మొదటి వారంలో ఆ పరీక్ష ఒక్కోసారి జబ్బు ఉన్నా లేదంటుందట. ఇది లాలాజలం ద్వారా అంటుకుంటుందనీ, అందుకే "ముద్దుల జబ్బు" అనే పేరు వచ్చిందనీ డాక్టరు చెప్పారు. కార్లో కూర్చోగానే నా నోట వచ్చిన మొదటి మాట, "ఎవరే?"

ఇంటికొచ్చే ఇరవై నిమిషాలూ అది కిటికీ వైపే చూసింది. ఇంటికొచ్చాక చెప్పింది. "ఆర్కెస్ట్రాలో అందరం ఒకే వాటర్ బాటిల్ తాగుతామమ్మా. ఎలా వచ్చిందని అడిగావు. ఎలా ఉందని అడగలేదు."

నా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, నేనడిగిన ప్రశ్నకి అర్థమే లేదు. వైరస్ సోకిన నాలుగు నుంచి ఆరు వారాలకి గానీ జబ్బు బయటపడదు. పైగా ఏ లక్షణాలూ లేనివాళ్ళ నుంచి కూడా అది వస్తుంది. ఎవరి నుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు?

ఈ జబ్బుకి ఎక్కువగా కారణం ఎప్‌స్టీన్-బార్ వైరస్. 1964లో కనిపెట్టారు. పెద్దవాళ్ళయ్యేసరికి దాదాపు అందరికీ ఇది సోకే ఉంటుంది. మన ఊళ్ళలో పిల్లలు ఒకరి ఎంగిలి ఒకరు తిని చిన్నప్పుడే తెచ్చుకుంటారు. ఆ వయసులో చాలామందికి వచ్చిందని కూడా తెలియదు. అందుకే మనం ఈ పేరు విని ఎరగం. ఇక్కడ చాలామందికి పదిహేనేళ్ళు దాటాక వస్తుంది. అప్పుడు మంచం ఎక్కిస్తుంది.

మా అమ్మాయి విషయంలో చిక్కు ఇంకొకటి. మెథోట్రెక్సేట్ రోగనిరోధక శక్తిని కాస్త అణిచి ఉంచుతుంది, లివర్ మీద కూడా పనిచేస్తుంది. మోనో కూడా లివర్‌ని వదలదు. రుమటాలజిస్టు రక్తపరీక్షలు చూసి, తాను చెప్పేదాకా ఆ మందు ఆపమన్నారు. మాకై మేము ఆపకూడదు, మాకై మేము మొదలుపెట్టకూడదు. ఆర్థ్రైటిస్‌లో ఒంటినంతటినీ పట్టే సిస్టమిక్ రకం ఉన్న పిల్లలకైతే ఇలాంటి వైరస్ తర్వాత రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పే ప్రమాదం ఉందట. మాది ఆ రకం కాదు. అయినా జ్వరం తగ్గకపోతే వెంటనే ఫోన్ చెయ్యమన్నారు.

మందు ఆపగానే కీళ్ళు బిగుసుకున్నాయి. మోనో పడుకోమంటుంది, ఆర్థ్రైటిస్ కదలమంటుంది. రెంటి మధ్యా పిల్ల నలిగిపోయింది. ఫిజికల్ థెరపిస్టు దారి చూపారు. మంచం మీదే, రోజుకి నాలుగైదు సార్లు, అయిదేసి నిమిషాలు కాళ్ళూ చేతులూ మెల్లగా చాపడం, ముడవడం. పొద్దున్నే వేణ్ణీళ్ళ స్నానం. అలసట రాకముందే ఆపేయడం. బాగున్న రోజున పేరుకుపోయిన హోంవర్కంతా చెయ్యబోయి, మర్నాడు లేవలేక ఈ ఆఖరి సూత్రం నేర్చుకుంది.

మోనోలో ప్లీహం వాస్తుంది. దెబ్బ తగిలితే చిట్లవచ్చు. అందుకని కనీసం మూడు నాలుగు వారాలు, డాక్టరు సరేననేదాకా, ఆటలూ బరువులూ వద్దన్నారు. పొట్టకి ఎడమవైపు పైన హఠాత్తుగా నొప్పొస్తే ఎమర్జెన్సీకి పరుగెత్తమన్నారు. మోనో ఉన్నప్పుడు అమాక్సిసిలిన్ వేస్తే చాలామందికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయట. మావారు ఆపింది అందుకే మంచిదైంది. పిల్లలకి ఆస్పిరిన్ అసలు వద్దు. మా అమ్మ పంపిన లేహ్యం కూడా లివర్ కుదుటపడేదాకా వద్దన్నారు. ఉప్పునీళ్ళతో పుక్కిలించడానికీ, మెత్తటి చారన్నానికీ మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇక స్కూలు. 1973 నాటి చట్టంలోని సెక్షన్ 504 కింద, ఇలాంటి పిల్లలకి వసతులు అడిగే హక్కు ఉంది. మేం ఎప్పుడూ అడగలేదు. అడిగితే నలుగురికీ తెలుస్తుందని! ఈసారి వెళ్ళి అడిగాం. కొన్నాళ్ళు సగం రోజు స్కూలు, పరీక్షల్లో అదనపు సమయం, ఇంట్లో ఉంచుకోవడానికి రెండో జత పుస్తకాలు, లిఫ్టు వాడుకునే అనుమతి ఇచ్చారు. జ్వరం మూడు వారాల్లో పోయింది. అలసట జనవరి దాకా పోలేదు. మందు మళ్ళీ మొదలుపెట్టాక మోకాళ్ళు దారికొచ్చాయి.

పిల్లలూ, మీకో మాట. మీ వాటర్ బాటిల్ మీరే తాగండి. మీ స్నేహితులెవరైనా పైకి బాగానే కనిపిస్తూ "అలిసిపోయాను" అంటే నమ్మండి. అలసట ఎక్స్‌రేలో కనపడదు. తల్లిదండ్రులకి చెప్పేది కూడా అదే. నేను మూడు రోజులు బద్ధకం అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి మూడు నెలలు పట్టింది.

2024 ఉగాది నాడు మన హాల్లో పచ్చడి పంచుతుంటే ఒకావిడ మామూలుగానే, "ఈసారీ డాన్సు లేదా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి అంది, "నాకు ఆర్థ్రైటిస్ ఉంది ఆంటీ. మోకాళ్ళు బాగున్న ఏడాది చేస్తాను."

గుండె ఆగినంత పనైంది నాకు. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. భోజనాలయ్యాక నన్ను పక్కకి పిలిచి, చుట్టూ చూసి, "మీ డాక్టరుగారి నంబరు ఇస్తారా? మా అబ్బాయి కోసం" అని చెవిలో అడిగారు.

ఇచ్చాను, గొంతు తగ్గించకుండానే.