చేతిలో కార్డు - మూసిన తలుపు

రోగము తిథివారములు చూచి రాదు. వచ్చిననాడు కలవాడు మంచి వైద్యుడెవ్వడని విచారించును. లేనివాడు ఏ తలుపు తెరచుకొనునా యని విచారించును. గతమాసమున బోధను ప్రాంతపు రైతొకడు ప్రామిసరీ నోటు వ్రాయించుకొనుటకై మా యొద్దకు వచ్చినాడు. ఒకప్పుడు చక్కెర మిల్లునకు చెరకు తోలినవాడు. నేడు వరి పండించుకొనుచున్నాడు. తల్లి జారిపడి తుంటియెముక విరిగినదట. ఆమెను ఆటోలో పరుండబెట్టుకొని నిజామాబాదు నర్సింగు హోముల చుట్టు ప్రొద్దుగ్రుంకువరకు తిరిగినాడు. ఒకచోట ఆరోగ్యశ్రీ లేదనిరి. ఒకచోట ఉన్నది గాని యెముకల చికిత్సకు కాదనిరి. మరియొకచోట మంచములు నిండినవనిరి. రొక్కము కట్టిన దొరకునని చెవిలో చెప్పిరి. అందులకే ఈ అప్పు. నోటు వ్రాయుచుండగా ఆతని ఆహారభద్రత కార్డు ఆ కాగితము ప్రక్కనే మా బల్లపై నుండెను.

ఆ కార్డునకు విలువ లేదా? చాల కలదు. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమై మరుసటి సంవత్సరమునకు ఉమ్మడి రాష్ట్రమంతట వ్యాపించినది. 2021లో కేంద్రప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ తెలంగాణమున దీనితో జతపడినది. 2023 డిసెంబరు 9న కుటుంబమునకు సాలుకు 5 లక్షలుగా నున్న పరిమితిని 10 లక్షల రూపాయలు చేసినారు. జాబితాలో చేరిన ఆసుపత్రి తాను ఒప్పుకొన్న చికిత్సకై రోగి యొద్ద దమ్మిడీ పుచ్చుకొనరాదు. పరీక్షలు, మందులు, భోజనము, ఇంటికి మరలు దారిఖర్చు సయితము అందులోనివే.

పరిమితి రెట్టింపైనది, మంచిదే. కాని తలుపుల సంగతి యేమి? ప్రైవేటు ఆసుపత్రి ఈ జాబితాలో చేరుట దాని ఇష్టము. చేరినదియు అన్ని రోగములకు చేరదు. ఒకటి ప్రసవములకు, ఒకటి మూత్రపిండములకు, ఒకటి యెముకలకు చేరును. కొన్ని చికిత్సలు ప్రభుత్వాసుపత్రులకే ప్రత్యేకింపబడినవి. ఖలీల్‌వాడిలో వైద్యశాలలకు కొదువ లేదు. ఏ గుమ్మమున ఏ రోగమునకు కార్డు చెల్లునో చెప్పువాడే కొదువ. జాబితా కంప్యూటరులో నున్నదందురు. నొప్పితో మూలుగుచున్న తల్లిని ఆటోలో నుంచి ఏ కొడుకు దానిని వెదకగలడు?

నర్సింగు హోముల వారి పక్షమును గూడ వినవలెను. చేసిన చికిత్సకు సొమ్ము మాసముల తరబడి రానిచో నర్సులకు జీతములెట్లు, మందుల దుకాణమునకు బాకీ యెట్లని వారడుగుచున్నారు. 2025లో జనవరియందొకమారు, సెప్టెంబరునందొకమారు బకాయిలు చెల్లలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలను నిలిపి, ప్రభుత్వముతో సంప్రదింపులు జరిగిన పిమ్మటనే తిరిగి ఆరంభించినవి. వారి బాకీ న్యాయమైనదే. కాని బాకీదారు ప్రభుత్వము, రోగి కాదు. ఇద్దరు షావుకార్ల తగవులో మూడవవాని తల్లిని వీధిలో నుంచుట యే న్యాయము? జాబితాలోనుండి కార్డును త్రోసిపుచ్చుట, లేదా చెవిలో రొక్కమడుగుట మాట తప్పుటయే యగును.

మన చక్కెర సీమకు ఈ కార్డు తప్ప వేరు గతి లేదు. కార్మికుల రాజ్యబీమా చట్టము 1948లో వచ్చినది గాని, చక్కెర కర్మాగారములను కొన్ని మాసములే నడచు ఋతుపరిశ్రమలుగా నెంచి దానినుండి మినహాయించిరి. 2020 నాటి సాంఘికభద్రతా స్మృతియు ఆ మినహాయింపును నిలిపినది. 1937లో శక్కర్‌నగరున వెలసిన నిజాము చక్కెర కర్మాగారము 2002లో ప్రైవేటు చేతులలోనికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. ఉద్యోగము పోయినవానికి, చెరకు మానినవానికి, కూలికి పోవువానికి మిగిలినది ప్రభుత్వాసుపత్రియు, ఈ కార్డును మాత్రమే.

కావున మేము కోరునవి నాలుగు. ఏ ఆసుపత్రి ఏ చికిత్సకు జాబితాలో నున్నదో తెలుగున, ఉర్దూలో అచ్చువేయించి ప్రతి పంచాయతీ కార్యాలయమునను, పఠనమందిరమునను అంటింపవలెను. ప్రతి నర్సింగు హోము గుమ్మమున అదే సంగతి పెద్ద అక్షరములతో నుండవలెను. కాదన్నచో కారణమును వ్రాసి సంతకము చేసి ఈయవలెను. ప్రభుత్వము బిల్లులను గడువులోపల చెల్లింపవలెను. గడువు దాటిన వడ్డీ కట్టవలెను. అన్నిటికంటె ముఖ్యముగ బోధను ఆసుపత్రిని, 2013లో వైద్యకళాశాల వచ్చిన నిజామాబాదు పెద్దాసుపత్రిని, పేదవాడు నర్సింగు హోము వెదకనక్కరలేనంతగా బలపరుపవలెను.

ప్రభుత్వము కదలువరకు మనము కూర్చుండవలెనా? ప్రతి పఠనమందిరమున ఇద్దరు యువకులు పూనుకొని జాబితాను నోటుబుక్కులో నెక్కించి, నెలకొకసారి ఆసుపత్రులకు పోయి సరిచూడవచ్చును. రోగితోకూడ ఒకడు పోయి ఆరోగ్యమిత్రను పిలిపింపవచ్చును. రొక్కమడిగినచో రసీదు కోరవచ్చును. 104కు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయింపవచ్చును. ఒంటరిగా పోయినవానిని పొమ్మన్న గుమాస్తా, చదువుకొన్నవాడు ప్రక్కన నిలిచిన మాట మార్చును. కోర్టులలో మేము దినమును చూచుచున్న సత్యమిది.

సొమ్ము లేదను కారణమున ఎవ్వరికిని వైద్యము దొరకకుండరాదని భోరు సంఘము 1946లోనే చెప్పినది. మరుసటి సంవత్సరము దేశము స్వతంత్రమైనది. 1948లో మన సీమ భారతదేశమున కలిసినది. ఇన్నియేండ్ల పిమ్మట ఆ రైతు ముసలితల్లి శస్త్రచికిత్స పొంది మంచము పట్టి యున్నది. నడచునని వైద్యులు చెప్పుచున్నారు. నోటు గడువు పైరు కోతవరకు. ఆ అప్పు ఆతడు తీర్చుకొనును. ఆతనికి మనము పడిన అప్పు ఎన్నడు తీరును?