కోరింగలో పులిని వెతక్కండి

కాకినాడ బీచ్‌లో కాళ్లు తడుపుకుని, ఉప్పాడలో చీరలు బేరమాడి, మిగిలిన రెండు గంటల్లో ‘సఫారీ’ కూడా కానిచ్చేద్దామని కోరింగ వైపు కారు తిప్పే కుటుంబాలు ఎక్కువయ్యాయి. తిరిగొచ్చాక చాలామందిది ఒకటే మాట: ‘ఏముందండీ అక్కడ, బురద తప్ప!’

బురదేనండీ. ఆ బురద కోసమే వెళ్లాలంటాను.

మొన్న శీతాకాలం మా మనవణ్ణి తీసుకెళ్లాను. మడ అడవిలో చెక్కబాట ఎక్కగానే ‘తాతా, పులేదీ?’ అన్నాడు. కిందకి చూడమన్నాను. ఆటుకు నీళ్లు వెనక్కి తీసిన వేళ. బురదలోంచి మేకుల్లా మడచెట్ల ఊపిరివేళ్లు పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటి మధ్య వేలెడంత చేప ఒకటి గెంతుకుంటూ వెళ్లి ఓ వేరు మీదకి పాకింది. ‘చేప చెట్టెక్కింది!’ వాడి కేక. ఆ పక్కనే ఒక డెక్క చిన్నది, ఒకటి తన ఒంటికి మించినంత పెద్దది ఉన్న మగపీత, ఆడపీతను రమ్మన్నట్టు డెక్క ఊపుతోంది. ఇద్దరం చతికిలబడ్డాం. ఇంతలో స్పీకర్లో పాట మోగించుకుంటూ ఓ గుంపు దబదబా వచ్చింది. పీతలన్నీ కన్నాల్లోకి. ఆట ముగిసింది.

ఇక్కడి అసలు మృగరాజు బావురుపిల్లి. ఇంటిపిల్లికి రెండింతలుంటుంది, నీళ్లలోకి దూకి చేపలు పడుతుంది. తిరిగేది ఎక్కువగా రాత్రిళ్లు. పగలు పదకొండింటికి బోటెక్కి అది కనబడలేదని అలిగితే ఎలా?

1978లో అభయారణ్యమైన ఈ అడవి 235 చదరపు కిలోమీటర్లు. దీని ముందు హోప్ ఐలాండ్ ఉంది, గోదావరి మోసుకొచ్చిన ఇసుక మేటే అది. కాకినాడ రేవుకు అడ్డుగోడ కూడా అదే. ఇలాంటి అడ్డు విలువ తెలియాలంటే 1839 తుపాను దెబ్బకు కోరింగ రేవు ఎలా తుడిచిపెట్టుకుపోయిందో చదవాలి.

చలికాలం చివర్లో ఆ ఇసుక మీదకే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. తాబేలు ఊపిరికి పైకి తేలాలి. ట్రాలర్ వలలో చిక్కితే తేలలేదు. అందుకే ఆ రోజుల్లో మన బీచ్‌లో కనబడే వన్యప్రాణి చాలాసార్లు చచ్చిన తాబేలే. వలలోంచి తాబేలు తప్పించుకునే దారి పెట్టే సాధనం ఎప్పుడో వచ్చింది. వాడించడమే కావాలి.

మీరు వెళ్తే, ఆటు ఏ వేళకో ముందుగా అక్కడి పడవవాళ్లనడిగి బయల్దేరండి. స్పీకరు మాత్రం కారులోనే ఉంచండి.