స్థానం తెలిస్తేనే సంఖ్య తెలుస్తుంది

తెలుగు పండితునికి గణితంతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చిన నాటి నుండీ మన భాషకు గణితంతో చుట్టరికం ఉన్నది. అదీగాక, పెద్ద సంఖ్యలను పోల్చేటప్పుడు పిల్లలు పడే తడబాటులో చాలా భాగం లెక్కది కాదు, చదువుకోవడంలోనిదని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చూడండి. 2011 జనాభా లెక్కలలో హైదరాబాదు జిల్లా జనాభా 39,43,323. నాటి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40,53,028. ఏది పెద్దది? రెంటిలోనూ ఏడేసి అంకెలే. ఎడమవైపు మొదటిది పది లక్షల స్థానం. అక్కడ ఒకదానికి 3, మరొకదానికి 4. తీర్పు అక్కడే ముగిసింది. తక్కిన ఆరు అంకెలను చూడనక్కరలేదు. ఈ సూత్రాన్ని పిల్లలు వల్లె వేస్తారు. ఎందుకు చూడనక్కరలేదో మాత్రం వారికి ఎవరూ చెప్పరు. ఆ ఆరు స్థానాలలోనూ తొమ్మిదులే నిలబెట్టినా వచ్చేది 9,99,999. పది లక్షలకు ఇంకా ఒకటి తక్కువే! ఎడమనున్న ఒక్క ఒకటిని కుడినున్న తొమ్మిదులన్నీ కలిసినా అందుకోలేవు. ఈ కారణం తెలిసిన పిల్లవాడు సూత్రాన్ని మరచిపోయినా దారి తప్పడు.

ఇప్పుడు రెండవ సంఖ్యను ఉక్తలేఖనంగా చెప్పి చూడండి. ‘నలభై లక్షల యాభై మూడు వేల ఇరవై ఎనిమిది’. పలువురు పిల్లలు 405328 అని వ్రాస్తారు. అది నాలుగు లక్షల అయిదు వేల మూడు వందల ఇరవై ఎనిమిది! అంకెలు ఆరే గనుక, హైదరాబాదు జనాభాయే పెద్దదని వారు నిస్సంకోచంగా తేలుస్తారు. పోల్చే పద్ధతి సరియైనదే, వ్రాత తప్పింది. కారణం స్పష్టం: మనం పలికేటప్పుడు వందలు లేకపోతే వాటి ఊసే ఎత్తము. వ్రాతలో అలా కుదరదు. మాటలో మౌనంగా ఉన్న స్థానానికి వ్రాతలో సున్న కాపలా కాయాలి. కనుక పోల్చడం నేర్పడానికి ముందు, విన్నదానిని స్థానాల పట్టికలో వ్రాయడం నేర్పాలి.

ఇక్కడ తెలుగు మనకు గొప్ప సహాయం చేస్తుంది. ఇరవై దాటిన తరువాత మన సంఖ్యల పేర్లలో స్థానం చెవికి వినబడుతుంది. ముప్ఫై తొమ్మిది అంటే మూడు పదులు, తొమ్మిది ఒకట్లు. నాంపల్లి అంగళ్ళలో వినబడే ఉర్దూ మాట ‘ఉన్‌తాలీస్’ అలా కాదు. నలభైకి ఒకటి తక్కువ అని దాని భావం. దానిని విడిగా కంఠస్థం చేయవలసిందే. ఇక ఆంగ్లపద్ధతిలో కామాల చోట్లే మారిపోయి, మన 39,43,323 కాస్తా 3,943,323 అవుతుంది. ఇవి తక్కువ భాషలని నేననడం లేదు. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో కూడ ఆంగ్లమాధ్యమం ప్రవేశించింది గనుక మిలియన్లు నేర్పక తప్పదు. అయితే లక్ష, కోటి స్థిరపడిన తరువాతనే నేర్పండి. రెండు కొలబద్దలు ఒకేసారి చేతికిస్తే పిల్లవాడు దేనితోనూ కొలవలేడు.

అభ్యాసానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. నాంపల్లి రైల్వే స్టేషను 1907 నాటిది. నుమాయిష్ 1938లో మొదలయింది. తెలుగు విశ్వవిద్యాలయం 1985లో ఏర్పడింది. వీటిని ఆరోహణ క్రమంలో పెట్టమనండి. వేలు, వందలు సమానం, పదుల స్థానం తేలుస్తుంది. రైలుబండ్లకు అయిదంకెల సంఖ్యలు వచ్చిన 2010ని కూడ చేర్చండి. తక్కిన మూడు స్థానాలలో పెద్ద అంకెలేవీ లేకపోయినా వేల స్థానం దానిని చివరకు పంపుతుంది. ఆ తరువాత ఆబిడ్స్ జి.పి.ఓ. వద్ద నిలబడి, 500001 అనే పిన్‌కోడును ఖైరతాబాదు 500004తో పోల్చమనండి. ఏది పెద్దదంటే అర్థం లేదు. అవి గుర్తులే గాని పరిమాణాలు కావు. అంకెలున్న ప్రతిదీ సంఖ్య కాదని తెలియడం కూడ విద్యయే.

ఇదంతా పరీక్షలోని రెండు మార్కుల కోసం కాదు. రేపు ఆ బిడ్డ అప్పుపత్రం మీద సంతకం చేస్తాడు. 1,00,000కూ 10,00,000కూ మధ్యనున్నది కాగితం మీద ఒక్క సున్న, బ్రతుకులో తొమ్మిది లక్షలు. ఆ సున్న ఏ స్థానాన్ని కాస్తున్నదో చూడగల కన్ను బడిలోనే తెరుచుకోవాలి. ఆ పని లెక్కల మాస్టారిది మాత్రమే కాదు, తెలుగు మాస్టారిది కూడ.