మైనరే కదా అని తేలిగ్గా చూడవద్దు
కంప్యూటర్ గది తలుపులు తెరిచి ఉంచితేనే చదువుకు విలువ

అమలాపురం: డిగ్రీలో చేరే విద్యార్థి ప్రధాన విషయాన్ని ఎంచుకునేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచిస్తారు. మైనర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం స్నేహితుడు ఏది రాస్తే అదే రాసి దరఖాస్తు ఇచ్చేవారు ఉన్నారు. ఈ నిర్లక్ష్యం మంచిది కాదు.

జాతీయ విద్యా విధానం 2020ని అనుసరించి రాష్ట్రంలోని డిగ్రీ కళాశాలల్లో 2023-24 నుంచి మేజర్, మైనర్ పద్ధతి ప్రవేశపెట్టారు. మేజర్ అంటే ప్రధానంగా చదివే విషయం. మైనర్ దానికి తోడుగా చదివేది. కామర్స్, వృక్షశాస్త్రం, చరిత్ర చదివే పిల్లలు కూడా కంప్యూటర్ విద్యను తోడు తెచ్చుకునే వీలు దీనివల్ల కలిగింది. అందులో వెబ్ పేజీలు, బొమ్మలు, ధ్వని, వీడియో తయారు చేసే విద్య పల్లెటూరి పిల్లలకు ఎక్కువగా పనికి వచ్చేది.

ఇది ఏమి విద్య?

ఇల్లు కట్టడంతో పోల్చితే సులువుగా అర్థమవుతుంది. వెబ్ పేజీకి గోడలూ కప్పూ వంటిది హెచ్‌టీఎంఎల్. రంగులు, అమరిక చూసేది సీఎస్ఎస్. స్విచ్చి వేస్తే దీపం వెలిగినట్టు, మీట నొక్కగానే పేజీ బదులు పలికేలా చేసేది జావాస్క్రిప్ట్. ఈ విద్యకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. టిమ్ బెర్నర్స్‌లీ రూపొందించిన వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ ప్రకటించింది. బొమ్మలు దిద్దే గింప్, ధ్వనిని సరిచేసే ఆడాసిటీ కూడా ఉచితమే. మామూలు కంప్యూటర్ ఒకటి, కూర్చునే ఓపిక ఉంటే చాలు.

ఈ పని పట్నంలోనే చేయాలని లేదు. 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తరువాత కోనసీమలో ఇంటర్నెట్ నిలిపివేశారు. అప్పుడు ఇళ్ల నుంచి ఉద్యోగం చేసుకుంటున్న యువకులు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లకు చేరారు. కొబ్బరి తోటల నడుమ కూర్చుని ఈ పని మీద బతుకుతున్నవారు ఉన్నారని ఊరి పెద్దలకు ఆ రోజుల్లో తెలిసివచ్చింది.

ఊరికి పనికి రావాలి

అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కాయల ధర ఎంత ఉందో తెలియక రైతు దింపు తీయించి, వచ్చిన బేరానికి ఒప్పుకోవడం కొత్త కాదు. కామర్స్ విద్యార్థి ఆ ధరను రోజూ చూపే పేజీ తయారు చేయవచ్చు. వృక్షశాస్త్రం చదివే అమ్మాయి కొబ్బరికి పట్టే సర్పిలాకార తెల్లదోమను ఫొటోలతో తెలుగులో వివరించవచ్చు. చరిత్ర విద్యార్థి జగ్గన్నతోట ప్రభల తీర్థం గురించి పెద్దల మాటలు రికార్డు చేసి భద్రపరచవచ్చు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ రేకులు తీసే స్త్రీలకు, బండారులంక నేతగాళ్లకు సొంత పేజీ ఉంటే కొనేవారితో నేరుగా మాట్లాడుకోగలుగుతారు. మేజర్‌లో నేర్చుకున్న విషయాన్ని నలుగురికీ చేరవేసేది ఈ మైనర్.

తెలుగు రాయడంలో ఒక చిక్కు ఉంది. పెళ్లి శుభలేఖలకు వాడే పాత డీటీపీ అక్షరాలను వెబ్ పేజీలో అతికిస్తే చదవరాని గీతలు వస్తాయి. యూనికోడ్‌లో రాస్తే ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది. మండలి, మల్లన్న, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఈ సంగతిని మొదటి నెలలోనే నేర్పడం అవసరం.

గట్టున కూర్చుంటే ఈత రాదు

మైనర్ చదివినంత మాత్రాన ఉద్యోగం ఇంటికి నడిచి రాదు. ఆ ఆశ చూపి వేలకు వేలు ఫీజులు అడిగేవారి మాటలు తల్లిదండ్రులు నమ్మరాదు. తోట కౌలు డబ్బు తెచ్చి కట్టే ముందు, కళాశాలలోనే ఏమి నేర్పుతున్నారో వెళ్లి కనుక్కోవాలి.

కళాశాలల బాధ్యతా తక్కువ కాదు. నోట్సు చెప్పి పరీక్ష రాయిస్తే మార్కులు వస్తాయేమో గాని విద్య రాదు. చాలా ఇళ్లలో ఫోను తప్ప కంప్యూటర్ లేదు. కళాశాలలో దక్కే కొద్ది గంటలే ఆ పిల్లలకు ఆధారం. సాయంత్రం బస్సు తప్పిపోతే లంక గ్రామాల ఆడపిల్లలు ఇల్లు చేరడం కష్టం. అందువల్ల అభ్యాసం కళాశాల వేళల్లోనే జరగాలి. కాలువ నీళ్లు పైనున్న చేలకే సరిపోయి శివారు భూములు ఎండినట్టు, ఈ చదువు సొంత కంప్యూటర్ ఉన్నవారికే అంది మిగిలినవారు సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవలసి రావడం న్యాయం కాదు.

మైనర్ తీసుకున్న ప్రతి విద్యార్థీ కోర్సు ముగిసేలోగా తన ఊరికి ఉపయోగపడే తెలుగు పేజీ ఒకటి పూర్తి చేయాలన్న నియమం పెట్టి, దానికి మార్కులు ఇవ్వాలి. ఆ పేజీని పంచాయతీ కార్యాలయంలో గ్రామస్థులకు చూపించాలి. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, కళాశాలల యాజమాన్యాలు ఈ విషయంపై దృష్టి సారించడం ఎంతైనా అవసరం. తల్లిదండ్రులు కూడా మార్కులు ఎన్ని అని అడిగి ఊరుకోకుండా, ఏమి తయారు చేశావో చూపించమని పిల్లలను అడగాలి.