కోడ్ నేర్చుకుంటున్న మన పిల్లలు దేని గురించి రాయాలి?

"అన్నా, టెక్నికల్ వ్యాసాలు రాస్తే మంచిదంటున్నారు. దేని మీద రాయాలి?"

నెలకు ఇద్దరు ముగ్గురైనా నన్ను ఈ మాట అడుగుతారు. ఎక్కువమంది సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివి, డిగ్రీనో ఇంజనీరింగో పూర్తిచేసి, అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సులో చేరినవాళ్లు. నేను అడిగేలోపే కొందరు ఇంటర్నెట్‌లో దొరికిన జాబితా చూపిస్తారు. పైథాన్‌లో లిస్ట్ అంటే ఏమిటి, గిట్ వాడటం ఎలా, జావాస్క్రిప్ట్‌లో పది చిట్కాలు. ఇవి చెడ్డ విషయాలు కావు. కాకపోతే ఒక్కోదాని మీద ఇప్పటికే వేల వ్యాసాలున్నాయి. పైగా ఇప్పుడు చాట్‌జీపీటీని అడిగితే అరనిమిషంలో ఇంకోటి రాసిస్తుంది. రాత్రంతా కూర్చుని పదివేల ఒకటో వ్యాసం రాసిన పిల్లవాడికి చివరికి మిగిలేది, "నా రాత ఎవరూ చదవలేదు" అన్న దిగులే.

ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంటుందని నాకు అనిపిస్తుంది. "రాయడానికి నేనెవర్ని?" అన్నది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కుటుంబాల పిల్లలు ఈ మాట అడగరు. నిన్న నేర్చుకున్నది ఇవాళ లింక్డ్‌ఇన్‌లో పెట్టేస్తారు. తప్పుంటే ఎవరో దిద్దుతారు, వాళ్లకేం కాదు. మన పిల్లలు మాత్రం అన్నీ వచ్చాకే నోరు తెరవాలనుకుంటారు. తప్పు చేస్తే "కోటా వాళ్లు ఇంతే" అంటారన్న భయం ఊరికే పుట్టింది కాదు. క్లాసురూముల్లో ఆ మాట విని వచ్చినవాళ్లే వీళ్లంతా.

అందుకే నేను 1916 సంగతి చెబుతుంటాను. ఆ ఏడాది మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్య గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో బాబాసాహెబ్ ఒక పత్రం చదివారు. భారతదేశంలో కులాల పుట్టుక మీద. అప్పటికి ఆయనకు పాతికేళ్లు, ఇంకా విద్యార్థి. ఈనాటికీ మనం చదువుకుంటున్న ఆ రచన ఒక క్లాసు కోసం రాసింది. నిపుణుడయ్యాక రాద్దామని ఆయన ఆగలేదు. విషయం కోసం దూరం కూడా వెళ్లలేదు. తన ఒంటి మీద పడ్డదాన్నే తీసుకుని, క్లాసులో నేర్చుకున్న పనిముట్లతో విప్పి చూశారు. కోడ్ రాసేవాళ్లకు విషయం ఎంచుకునే పద్ధతి ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎల్లమ్మ.

మన వాడల్లో ఎల్లమ్మ లేని వీధి ఉండదు. ఆమె పేరును ఇంగ్లీషులో ఒక గుమాస్తా 'ఈ'తో మొదలుపెడతాడు, ఇంకో గుమాస్తా 'వై'తో. ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, కొడుకు కుల ధ్రువీకరణ పత్రంలో తల్లి పేరు దగ్గర మరొకటి. ఏసయ్య, ఎలీషా పేర్లకూ ఇదే గతి. కంప్యూటర్ దృష్టిలో వీళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు. కొడుకు స్కాలర్‌షిప్ దరఖాస్తు "వివరాలు సరిపోలలేదు" అని ఆగిపోతుంది. తల్లి కూలి మానుకుని మీసేవ చుట్టూ తిరుగుతుంది.

ఇప్పుడు దీన్ని ప్రోగ్రామర్ కళ్లతో చూడండి. పేర్లను ఉచ్చారణ బట్టి పోల్చడానికి సౌండెక్స్ అనే పాత పద్ధతి ఒకటుంది. అమెరికాలో 1918లో దానికి పేటెంట్ ఇచ్చారు. ఇప్పటికీ చాలా డేటాబేస్‌లలో రెడీమేడ్ ఫంక్షన్‌గా దొరుకుతుంది. అది పేరులోని మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, మిగతా హల్లులను అంకెలుగా మారుస్తుంది. 'ఎక్స్'తో రాసిన లక్ష్మికీ, 'కే-ఎస్-హెచ్'తో రాసిన లక్ష్మికీ ఒకే సంకేతం వస్తుంది. లక్ష్మి గట్టెక్కింది. ఎల్లమ్మ దగ్గరకు రండి. రెండు స్పెల్లింగుల్లోనూ అంకెలు 450 అనే వస్తాయి, కానీ మొదటి అక్షరం ఒకచోట 'ఈ', ఇంకోచోట 'వై'. సౌండెక్స్ దృష్టిలో ఇద్దరూ వేరే. అదే లెవెన్‌ష్టైన్ దూరం అనే ఇంకో పద్ధతితో కొలిస్తే, ఈ రెండు స్పెల్లింగుల మధ్య తేడా ఒకే ఒక్క అక్షరం. ఆ పద్ధతిని పైథాన్‌లో ఇరవై ముప్ఫై లైన్లలో రాయొచ్చు. రెండో నెల విద్యార్థి చేయగలిగిన పనే.

మరి తేడా ఒకటైతే ఒకే మనిషి అనేయొచ్చా? రమ, రమణ అని ఇద్దరున్నారనుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగులో వాళ్ల మధ్య తేడా రెండక్షరాలే. ఒక్క అక్షరం తేడాతో ఉన్న వేర్వేరు పేర్లూ దొరుకుతాయి. గీత ఎక్కడ గీయాలి? కంప్యూటర్‌కు అనుమానం వచ్చినప్పుడు దరఖాస్తు తిరస్కరించాలా, మనిషి చూసే వరుసలో పెట్టాలా? వ్యాసం అసలు ఇక్కడ మొదలవుతుంది. మీ వాడలో విన్న యాభై పేర్లు తీసుకుని, ఒక్కోదాన్ని ఎన్ని స్పెల్లింగుల్లో రాస్తారో పట్టిక వేసి, రెండు పద్ధతులనూ నడిపి, ఎక్కడ ఏది బోల్తాపడిందో చూపించండి. అలాంటి వ్యాసం ఎల్లమ్మ ఇంట్లో పుట్టినవాళ్లకే తడుతుంది. ఆ పోర్టల్ కట్టినవాడి తల్లి పేరు ఏ ఆఫీసులోనూ తిరిగి రాలేదు. అందుకే వాడికి తట్టలేదు.

ఇలా రాయడం కొత్తేమీ కాదు. పేర్ల గురించి ప్రోగ్రామర్లకుండే అపోహల మీద 2010లో ప్యాట్రిక్ మెకంజీ రాసిన వ్యాసం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. అమెరికా నుంచి వెళ్లి అప్పట్లో జపాన్‌లో పనిచేసిన ప్రోగ్రామర్ ఆయన. అందరికీ ఇంటిపేరు ఉంటుందని, పేరు ఎప్పటికీ మారదని అనుకుంటే సిస్టమ్ ఎలా తప్పుతుందో ఒక్కొక్కటిగా చెప్పాడు. అమెరికా వెళ్లిన మన తెలుగువాళ్లలో కొందరి వీసాల మీద అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని ఉంటుంది. పేరు తెలియదని అర్థం. పేరేమో పక్కనే ఉంటుంది!

అక్షరాల సంగతి ఇంకోటి. పైథాన్‌ను 'అంబేద్కర్' అన్న మాట పొడవెంత అని అడగండి. 9 అంటుంది. మన కంటికి అం, బే, ద్క, ర్ అని నాలుగే కనిపిస్తాయి. యూటీఎఫ్-8లో దాచితే 27 బైట్లు. ఇంగ్లీషులో అదే పేరుకు ఎనిమిది అక్షరాలు, ఎనిమిది బైట్లు. మాటను తిరగేసి చూడండి. మొదట ఒక పొల్లు వచ్చి కూర్చుంటుంది, అది తగులుకోవడానికి అక్షరమే ఉండదు. ఎందుకిలా? గుణింతాలు, పొల్లు, సున్న ఒక్కోటీ యూనికోడ్‌లో విడి సంకేతం. ప్రతి తెలుగు సంకేతం యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. ఒరాకిల్ డేటాబేస్‌లో కాలమ్ పొడవు 20 అని మాత్రమే రాస్తే అది మామూలుగా బైట్లలో లెక్కేసుకుంటుంది. అంటే ఆరు తెలుగు సంకేతాలు. అంబేద్కర్ పేరు పట్టదు. క్లాసులో స్ట్రింగ్స్ పాఠం చెప్పే మాస్టారు ఎప్పుడూ 'హలో' అన్న మాటే తీసుకుంటాడు కాబట్టి ఇది బయటపడదు. మొదటి వ్యాసానికి ఇంతకంటే చక్కటి విషయం నాకు తెలియదు. సాయంత్రానికి పూర్తవుతుంది, చదివినవాళ్లకు కొత్త సంగతి తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ లేదని కొందరు సిగ్గుపడతారు. నన్నడిగితే అదే విషయం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ పెట్టుకుని పైథాన్ నేర్చుకున్న అమ్మాయికి తెలిసినవి, మ్యాక్‌బుక్ ఉన్నవాళ్లకు తెలియవు. ప్లే స్టోర్‌లో ఉన్న టెర్మక్స్ చాలాకాలం పాతబడిపోయి ఉండేది. దాన్ని వేసుకుని ప్యాకేజీలు దిగక ఎంతమంది తలలు పట్టుకున్నారో! ఎఫ్-డ్రాయిడ్ నుంచి వేసుకోవాలని తెలిసేసరికి రోజులు గడిచాయి. రోజుకు 1.5 జీబీ డేటాలో ఏది దించుకోవాలి, పైథాన్ డాక్యుమెంటేషన్‌ను ఒకేసారి దించి నెట్ లేకుండా ఎలా చదువుకోవాలి, చిన్న తెరమీద పొడుగు ఎర్రర్‌ను ఎలా చదవాలి. హాస్టల్ గదిలో పక్క మంచం మీద కూర్చున్న పిల్లకు ఇవే కావాలి. గత వారం మిమ్మల్ని రెండు గంటలు ఏడిపించింది ఏదో, మూడు నెలల కింద మీరు ఎక్కడున్నారో, ఆ రెండూ కలిసేచోట విషయం ఉంటుంది.

కొంచెం ముందుకు వెళ్లినవాళ్లకు డేటా ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే నివేదికలో దళితులపై నేరాల పట్టికలు పీడీఎఫ్‌లలో ఉంటాయి. వాటిని కోడ్‌తో పట్టికగా మార్చడమే ఒక మంచి వ్యాసం. అక్కడితో ఆగకుండా లక్ష జనాభాకు ఎన్ని నేరాలన్న రేటును చూడండి. పైన వేసే అంకె ఆ ఏడాదిది, కింద వేసే ఎస్సీ జనాభా 2011 జనగణనది. అప్పుడు 20.14 కోట్లు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. హారం నిలిచిపోయి లవం మారుతుంటే రేటుకు ఏమవుతుందో గ్రాఫు గీసి చూపించండి. దీనికి ఎనిమిదో తరగతి లెక్కలు చాలు.

ఇక్కడ నాకు కొందరు మిత్రులతో పేచీ ఉంది. టెక్నికల్ రాతల్లోకి కులాన్ని తేకండి, కంపెనీలు చూస్తాయి అని ఒకరంటారు. వాళ్ల భయం నాకు తెలుసు. ఓ కంపెనీ ఇంటర్వ్యూలో నన్ను అల్గారిథమ్‌ల కంటే ముందు ఇంటిపేరు అడిగారు, తర్వాత ఊరు, ఆ తర్వాత ఊళ్లో మీ ఇల్లు ఏ వైపు అని. ఉద్యోగం రాలేదు. కానీ ఎల్లమ్మ పేరు సరిపోలకపోవడం స్ట్రింగ్ మ్యాచింగ్ సమస్య. దాన్ని రాయడానికి కులం అన్న మాట కూడా అక్కర్లేదు, రాస్తే తప్పూ లేదు. ఇంకో మిత్రుడు దీనికి వ్యతిరేకం. మనవాళ్లు రాస్తే సమాజం గురించే రాయాలంటాడు. నేను ఒప్పుకోను. బైనరీ సెర్చ్ మీద, మెమరీ మీద ముచ్చటపడి రాసే దళిత అమ్మాయి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. బాబాసాహెబ్ రూపాయి మీద కూడా పుస్తకం రాశారు, 1923లో. సొంత పేరుతో రాయాలా, కలం పేరుతోనా అన్నది కూడా రాసేవాళ్ల ఇష్టం. ఉద్యోగం పోతే అద్దె కట్టేది వాళ్లే.

రాస్తే ఉద్యోగం వస్తుందని నేను ఎవరికీ చెప్పను. చాలా ఉద్యోగాలు రెఫరల్ మీద నడుస్తాయి. రెఫర్ చేసే బాబాయి, బావ లేని ఇళ్లు మనవి. నువ్వేం చేయగలవని ఎవరైనా అడిగితే చేతిలో పెట్టడానికి ఒక రాత ఉండటం, ఏమీ లేకపోవడం కంటే నయం. అంతవరకే.

భాష సంగతి. ఇంగ్లీషు మనకు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంగ్లీషు మీడియం గొడవ లేచినప్పుడు మన తల్లిదండ్రులు ఎటున్నారో అందరికీ తెలుసు, నేనూ అటే. అయినా మొదటి వ్యాసం తెలుగులో రాయమనే చెబుతాను. అర్థమైందో లేదో తెలుగులో రాసేటప్పుడు దొరికిపోతాం. ఇంగ్లీషులో అయితే అర్థం కాని వాక్యాన్ని కూడా అలాగే ఎత్తి పెట్టేయొచ్చు. కోడ్, ఎర్రర్ మాటలు ఇంగ్లీషువే ఉండనివ్వండి. లూప్‌కు, ఫంక్షన్‌కు సంస్కృతంలోంచి మాట తవ్వి తీస్తే మనవాళ్లకు అది ఇంకో అగ్రహారం. తర్వాత అదే వ్యాసాన్ని ఇంగ్లీషులో రాయండి. రెండోసారి సగం సమయమే పడుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. పేర్ల పట్టికలో నిజం మనుషుల ఆధార్ నంబర్లు, దరఖాస్తు స్క్రీన్‌షాట్లు పెట్టకండి. మీ అమ్మవి కూడా వద్దు. అలాగే ఏదో ప్రభుత్వ పోర్టల్‌లో అడ్రస్‌బార్‌లో అంకె మారిస్తే ఇంకొకరి వివరాలు కనిపించాయనుకోండి. అంతకంటే ఉత్సాహం కలిగించే విషయం మొదట్లో ఉండదు, నిజమే. కానీ అనుమతి లేకుండా సిస్టమ్‌లోకి వెళ్లడం ఐటీ చట్టం 2000 ప్రకారం నేరం కావచ్చు. సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా ఉంది. ఐఐటీ కుర్రాడు అదే పని చేస్తే 'ఎథికల్ హ్యాకర్' అని పేపర్లో ఫొటో వేస్తారు. మన పిల్లవాడి ఇంటికి కానిస్టేబుల్ వస్తాడు. ఇంకో అంకె మార్చి చూడకండి, ఏదీ దించుకోకండి. కనిపించింది రాసి సెర్ట్-ఇన్‌కు పంపండి, పంపినదానికి ఆధారం దాచుకోండి. వాళ్లు సరిచేశాక, ఎవరి వివరాలూ బయటపెట్టకుండా, ఆ లోపం ఎలా పుట్టిందో మీ సొంత కంప్యూటర్‌లో చిన్న నమూనా కట్టి చూపించండి. ఆ వ్యాసం నేనే ముందు చదువుతాను.