నెత్తళ్ల గంపకు లెక్క లేదా?

నెత్తళ్లను మార్కెట్టు చిల్లర చేప అంటుంది. వాటిని ఎండబెట్టి, గంపకెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మే ఆడవాళ్ల పనిని ప్రభుత్వం అసలు పనిగానే చూడదు. ఈ రెండు చిన్నచూపులకూ మూలం ఒకటేనని నా వాదన.

స్టోలెఫోరస్ జాతికి చెందిన ఈ చేప వేలెడంత ఉంటుంది. తీరం వెంట, నదులు సముద్రంలో కలిసే మొగల్లో గుంపులుగా తిరుగుతుంది. గోదావరి మొగలో కోరంగి మడ అడవులు ఇలాంటి చిన్న చేపలకు నీడ. పట్టిన కొద్ది గంటల్లోనే ఇది పాడవుతుంది. ఒడ్డుకు చేరిన పూటే ఉప్పో ఎండో తగలకపోతే పారబోయాల్సిందే. దాన్ని సరుకుగా నిలబెట్టేది ఎవరి చేతులు?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక నిషేధం ఉండాల్సిందే, దానితో నాకు పేచీ లేదు. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10 వేల రూపాయలు, 2025లో 20 వేలు అయింది. కానీ అది పడవ ఎక్కి వేటకు వెళ్లేవారిని చూసి కట్టిన లెక్క. పడవ ఆగితే గంప కూడా ఆగుతుందని ఆ లెక్కకు తెలియదా?

"డబ్బు ఇంటికే వస్తోంది కదా" అంటారు. ఇంటికొచ్చిన డబ్బు ఆమెది ఎట్లా అవుతుంది? వడ్డీకి తెచ్చి వేలంలో సరుకు కొన్నది ఆమె. అప్పులవాడు నిలదీసేదీ ఆమెనే.

మరోవైపు ఇలాంటి చిన్న చేపలే పొడిగా మారి రొయ్యల మేతలోకి, కోళ్ల దాణాలోకి పోతున్నాయి. ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్లు పేదింటికి మాంసకృత్తులూ, కాల్షియమూ రెండూ ఇస్తాయి. టన్నుల్లో కొనే వ్యాపారితో గంపెడు సరుకు కొనే మనిషి వేలంలో ఎన్నాళ్లు పోటీపడగలదు?

చేప పట్టకముందు, పట్టాక జరిగే పనులన్నీ మత్స్యరంగంలో భాగమేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లోనే తన మార్గదర్శకాల్లో చెప్పింది. కనుక మనం అడగాల్సింది దయ కాదు. ఆమె పేరు మీద మత్స్యకారురాలిగా గుర్తింపు కార్డు, నిషేధకాలపు భృతి, రేవులో చేపలు ఎండబెట్టుకునే చోటు, వేలంలో చిన్న కొనుగోలుదారులకు ముందు హక్కు. తీరప్రాంతంలో పనిచేసే సంఘాలు ఈ నాలుగు కోర్కెలనూ వచ్చే నిషేధకాలానికి ముందే జిల్లా కలెక్టర్ల ముందు పెట్టాలి. వలను లెక్కించే ప్రభుత్వం గంపనూ లెక్కించి తీరాలి.