మెడలో బిళ్ళ – స్కానింగ్ ఒక్కటే చాలా?

ప్రశ్న: మావారికి 54 ఏళ్ళు. చాలాకాలంగా చుట్ట కాలుస్తారు. రెండు నెలల క్రితం దవడ కింద బిళ్ళ కట్టింది. నొప్పి లేదు, జ్వరం లేదు. వేడి చేసిందనుకుని పసుపూ సున్నం పట్టు వేశాం. తగ్గలేదు. డాక్టరుగారు మెడకు అల్ట్రాసౌండ్ స్కానింగ్, సూది పరీక్ష రెండూ చేయించమన్నారు. సూది గుచ్చితే కాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని మా అత్తగారు భయపడుతున్నారు. స్కానింగ్ ఒక్కటీ చేయిస్తే చాలదా?
– ఒక సోదరి, విజయనగరం

జవాబు: చాలదమ్మా. ఎందుకో చెబుతాను.

మెడలోని లింఫు గ్రంథులు మనకు కాపలాదారుల వంటివి. పన్ను పుచ్చినా, గొంతు వాచినా అవి ఉబ్బుతాయి, కొద్దిరోజుల్లో తగ్గుతాయి. నోటిలో, గొంతులో, థైరాయిడ్‌లో పుట్టిన కాన్సర్ కూడా తరచు ముందుగా చేరేది ఈ గ్రంథులకే. మూడు వారాలు దాటినా తగ్గని, నొప్పిలేని, గట్టి బిళ్ళను అశ్రద్ధ చేయకూడదు. నొప్పి లేదు కదా అని ధైర్యపడడం పొరపాటు.

స్కానింగ్‌లో మామూలు గ్రంథి చిక్కుడు గింజలా కోలగా, మధ్యలో తెల్లని చారతో కనిపిస్తుంది. కాన్సర్ చేరినప్పుడు సాధారణంగా గుండ్రంగా మారుతుంది, ఆ చార చెరిగిపోతుంది. డాప్లర్‌తో చూస్తే రక్తం మధ్యనుంచి కాక అంచులనుంచి ప్రవహిస్తూ ఉంటుంది. అయితే క్షయ సోకిన గ్రంథి, అదే మన పెద్దలు గండమాల అనేది, కొన్నిసార్లు అచ్చం ఇలాగే కనిపిస్తుంది. అంటే స్కానింగ్ అనుమానం చెప్పగలదు, తీర్పు చెప్పలేదు.

తీర్పు చెప్పేది సూది పరీక్ష. స్కానింగ్‌లో చూస్తూ, అనుమానమున్న గ్రంథిలోకే సన్నని సూది పంపి కొన్ని కణాలు తీస్తారు. కోత, కుట్లు ఉండవు. దీనివల్ల కాన్సర్ పాకడం అత్యంత అరుదు. అసలు ప్రమాదం ఆలస్యంలోనే ఉంది. స్కానింగ్‌లో ఎక్స్‌రే కిరణాలు కూడా ఉండవు. పరగడుపున వెళ్ళనక్కరలేదు.

ఒక్క జాగ్రత్త. ఏ పరీక్షా లేకుండా ముందే బిళ్ళను కోసి తీయించకండి. అది కాన్సరయితే తర్వాతి చికిత్స చిక్కుల్లో పడుతుంది. చెవి, ముక్కు, గొంతు డాక్టరుచేత నోరు, నాలుక, గొంతు లోపల తప్పక చూపించండి. వ్యాధి మూలం అక్కడ చిన్న పుండుగా దాగి ఉండవచ్చు.

క్షయ అని తేలితే సాధారణంగా ఆరు నెలల మందులతో నయమవుతుంది. కాన్సర్ అయినా త్వరగా పట్టుకుంటే చికిత్సకు లొంగే అవకాశం ఎక్కువ. ఏమీ లేదని వచ్చి, బిళ్ళ మాత్రం తగ్గకపోతే మళ్ళీ పరీక్ష చేయించాలి.

మీవారు చుట్ట ఈరోజే మానాలి. అన్నట్టు, మీ వైపు అడ్డపొగ తాగే ఆడవాళ్ళున్నారు. దానివల్ల అంగిట్లో కాన్సర్ వస్తుంది. మీ అత్తగారికి ఆ అలవాటుంటే, కొడుకుతోపాటు ఆవిడ నోరూ చూపించండి.